పన్నెండు గంటల రీడింగు

ముప్పయ్యొక్క ఏళ్లు
ఇంటి వెనక తెల్లపెట్టె తలుపు తీసి
స్టెయిన్‌వోర్ చలిని చదివింది.
మూడు గంటలకోసారి.
పెళ్లిరోజైనా, గొర్రె ఈనే రాత్రైనా,
గుమ్మం దాటనివ్వని మంచుగాలైనా
నడుముకు తాడు కట్టుకుని వెళ్లి
చదివి వచ్చి
రేక్యవిక్‌కు ఫోన్‌లో అంకెలు అప్పజెప్పేది.
ఐస్‌లాండ్ పడమటి కొసన మా ఊరు.
ఆ అంకెల్ని నమ్మి పడవలు బయల్దేరేవి,
ఆ అంకెల్ని నమ్మి ఆగిపోయేవి.

మార్చిలో ఒకరోజు
చూరు నుంచి నీళ్లు కారుతుంటే
పుస్తకంలో సున్నాకు కింద పద్నాలుగు అని రాసింది.
నేను చూశాను.
పెన్ను జారిందన్నాను.
మర్నాడు పన్నెండు గంటల రీడింగు రెండుసార్లు,
ఒకదాని కింద ఒకటి,
అదే చేతిరాత, వేర్వేరు గాలులు.
కళ్లజోడు మార్చాలన్నాను.
ఉప్పు డబ్బా గొర్రెల కొట్టంలో దొరికితే
ఎలుక మోసుకెళ్లిందనైనా అనేవాణ్ణి.

తనే అంది:
"తోర్లైఫుర్, పరీక్ష చేయించుకుంటాను."
"నయంకాని జబ్బుకి పరీక్షెందుకు?
కష్టాన్ని పిలిచి పీట వేస్తావా?"
తను పుస్తకం మూసింది.
"తుఫాను వస్తోందని నేను చెబితే
ఎప్పుడైనా తుఫాను ఆగిందా?
మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పించుకున్నారు నాచేత?"

జవాబు దొరక్క
గొర్రెలకు గడ్డి వేయడానికి వెళ్లాను.
గంట క్రితమే వేశానని
అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది.

పాల లారీ ఎక్కి తనొక్కతే వెళ్లింది.
నేను వెళ్లలేదు.
ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

డాక్టరు ఎయ్‌దీస్, మా మనవరాలి ఈడు పిల్ల,
ముందు రక్తం తీసింది.
థైరాయిడ్ కావచ్చు, విటమిన్ తగ్గి ఉండొచ్చు,
అవైతే సరిచేయొచ్చు అంది.
అవి కాలేదు.
ఐదు మాటలు చెప్పి దాచుకోమంది:
లాంతరు, చేప, ఊలు, వంతెన, ఎరుపు.
వందలోంచి ఏడేసి తీయించి, గడియారం గీయించి,
మళ్లీ అడిగితే
మూడే వచ్చాయి.
వంతెన రాలేదు.
ఎరుపు రాలేదు.
తర్వాత పట్నంలో స్కానింగు. తర్వాత ఆరు వారాలు.

ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతూ
జబ్బు పేరు చెప్పింది,
గాలి వాయవ్యం అన్నంత మామూలుగా.
"మొదట్లోనే ఉందట.
కొన్నేళ్లు ఇంకా నావేనట. ఎన్నో చెప్పలేరట."
అప్పుడు ఏడ్చింది.
ఒక బూటు ఇంకా కాలికే ఉంది.

చీకటి పడని ఆ వేసవిలో
పక్క పొలం కుర్రాడు సింద్రికి మేఘాలు నేర్పింది,
తప్పు చెబితే నెత్తిన మొట్టి.
బ్యాంకు కాగితాల మీద తనే చదివి, తనే సంతకం చేసింది.
కారు తాళం నా జేబులో పడేసి
రెండు రోజులు మాట్లాడలేదు.
ఒక కుట్టుమిషను దగ్గర పన్నెండేళ్లుగా మాటల్లేని
చెల్లెలు స్వన్‌హిల్దుర్‌కి ఫోన్ చేసి
"తప్పు నాది కాదు. అయినా రా" అంది.
నాకు చేపల సూపు నేర్పింది. ఇప్పటికీ ఉప్పెక్కువే.
"నిన్ను గుర్తుపట్టని రోజొస్తే
కొత్తవాడిలా పలకరించు.
నేనెవర్నో చెప్పుకో అని
నువ్వు మాత్రం పరీక్ష పెట్టకు" అంది.

వాగు మీది చెక్క వంతెన కమ్మీకి
ఎర్ర ఊలు ముడి వేసింది.
అది కనబడితే వెనక్కి తిరగాలని గుర్తు.
ముడి బిగిస్తూ ఎందుకో నవ్వింది.
"రెండూ దొరికాయి" అంది.
నాకు రాత్రికి గానీ అర్థం కాలేదు.

ఇది నాలుగో చలికాలం.
రీడింగులు సింద్రి చెబుతున్నాడు.
నిన్న ఇద్దరం వంతెన దాకా నడిచాం.
ఊలు వెలిసిపోయింది, ముడి వదల్లేదు.
వేలితో తడిమి అడిగింది:
"ఎవరు కట్టారిది?"
"నువ్వే."
"ఎప్పుడు?"
తూర్పు గాలి. తన టోపీ చెవుల మీదికి లాగాను.
"ముందే."